నిప్పునకు తోడునకు నడుమ

నిప్పును గనుగొన్న మానవుని కొనియాడని జాతి లేదు. ఋగ్వేదము అగ్నిస్తుతితోనే ఆరంభమగుచున్నది. యవనుల పురాణగాథలలో ప్రొమీథియసు దేవతలయొద్దనుండి అగ్నిని అపహరించి మానవులకిచ్చి, ఆ నేరమునకై కొండకు కట్టువడి చిరకాలము బాధపడెను. కాని కాచినదానిని చల్లార్చుట నేర్పినవానికి ఏ జాతియందును గుడి లేదు, గాథ లేదు. పొయ్యిమీదనుండి దింపినచో తనంతట తానే చల్లారును గదా, అందు విద్య యేమున్నదని లోకము తలపోయుట యిందులకు కారణము కావచ్చును.

ఈ తలపు పొరపాటని మన యిండ్లలోని పెరుగుగిన్నె దినదినము చెప్పుచునే యున్నది. ఇల్లాలు పాలు కాచును. కాచినవెంటనే తోడు వేయదు. వేసినచో ఆ వేడికి తోడు చచ్చును, తెల్లవారుసరికి పాలు పాలుగనే యుండును. అట్లని మరచిపోయి, మూత లేక గంటల తరబడి వదలినను ప్రమాదమే. ఇల్లాలు పిలిచిన తోడు రాకమునుపే, పిలువని సూక్ష్మజీవులు వచ్చి పాలను విరుగగొట్టును. కావున ఆమె గిన్నెను నీళ్ల పళ్లెములో నుంచి, గరిటెతో త్రిప్పి, వ్రేలు ముంచి చూచి, గోరువెచ్చనైన క్షణమున తోడు వేయును. నిప్పునకు తోడునకు నడుమనున్న ఆ కొద్ది కాలము ఎంత అపాయకరమైనదో ఆమెకు ఏ గ్రంథమును చెప్పలేదు. చేతి అలవాటు చెప్పినది.

ఇదే చిక్కు మరియొక దేశమున, మరియొక పానీయము విషయమున, గృహస్థులచేత ఒక చిన్న యంత్రమును చేయించినది. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా మున్నగు దేశములలో ఇంటియొద్ద బీరు కాచుకొను వేడుక గలవారు పెక్కుమంది కలరు. వారిలో చాలమంది తమ చేతులతో తాము చేసికొను తొలి పరికరము ఒక రాగి గొట్టపు చుట్ట. చూచుటకు అది వట్టి గొట్టమే. కాని దానిని విప్పి చూచినచో ఉష్ణశాస్త్రమంతయు అందు చుట్టుకొని యున్నది.

తీయని రసము, తెరచిన తలుపు

బీరునకు మూలము బార్లీ గింజ. దానిని నానబెట్టి, మొలకెత్తించి, మొలక పెరిగిపోకమునుపే ఆరబెట్టి వేడిచేసినచో మాల్టు అగును. మన యిండ్లలో రాగి మాల్టు చేయు పద్ధతియు ఇట్టిదే. మాల్టును పలుకులుగా విసరి, సుమారు 65 డిగ్రీల వేడినీటిలో ఒక గంటసేపు ఉంచుదురు. మొలకెత్తునపుడు గింజలో పుట్టిన ఎంజైములు ఆ వేడిమిలో పిండిని చక్కెరగా మార్చును. వడగట్టగా వచ్చిన తీయని రసమును హాప్స్ అను లతయొక్క పువ్వులతో గంటసేపో, గంటన్నరసేపో మరగింతురు. ఆ పువ్వులే బీరునకు చేదును, పరిమళమును ఇచ్చునవి. ఈ రసమును ఇంగ్లీషువారు వోర్ట్ అందురు. మనము యవరసమని పిలుచుకొందము.

యవరసము బీరు కాదు. దానిని బీరు చేయునది ఈస్టు. అది చక్కెరను తిని మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. కాని ఈస్టు ప్రాణి. మరగిన రసములో దానిని వేయుట చంపుటయే. సాధారణమైన ఏల్ జాతి బీరునకు రసము 20 డిగ్రీల ప్రాంతమునకు, లాగర్ జాతికి 10 డిగ్రీల ప్రాంతమునకు దిగవలెను. నూరు డిగ్రీలనుండి ఇరువదికి దిగు ఆ దారియే అపాయకరమైనది.

మరగుచున్నంతకాలము రసమునకు అగ్నియే రక్ష. ఈస్టు నిండుగా పని ప్రారంభించిన పిమ్మట ఈస్టే రక్ష. అది పుట్టించు మద్యసారము, ఆమ్లము ఇతర జీవులను అణచివేయును. ఈ రెంటి నడుమ యవరసము కావలి లేని యిల్లు. అది తీయనిది, పోషకము గలది, 60 డిగ్రీల దిగువకు వచ్చినకొలది సూక్ష్మజీవులకు పండుగవంటిది. గాలిలోని ధూళితో వచ్చి పడు జీవులకు ఆ తలుపు తెరచియే యుండును.

అపాయము ఇది యొక్కటియే కాదు. మాల్టులోని ఒక పదార్థము వేడిమివలన డైమిథైల్ సల్ఫైడు అను వాయువుగా మారుచుండును. మరగునపుడది ఆవిరితో పోవును. పొయ్యి ఆర్పిన పిమ్మట రసము చాలసేపు వేడిగానే నిలిచియున్నచో, అది పుట్టుచునే యుండి పోవుదారి లేక అందే నిలిచి, ఉడికిన క్యాబేజీవంటి వాసన నిచ్చును. మరియు రసమును త్వరగా చల్లార్చినచో మాంసకృత్తులు తునకలు తునకలుగా విరిగి అడుగునకు దిగును. నిదానముగా చల్లారినచో అవి రసమునందే మిగిలి, పిమ్మట బీరును మసకపరచును.

ఇంట కాచువారు ఒక తూరికి కాచునది సాధారణముగా 5 అమెరికన్ గ్యాలనులు, అనగా రమారమి 19 లీటర్లు. అంతటి పాత్రను దింపి ఊరక వదలినచో చల్లారుటకు రాత్రియెల్ల పట్టును. ఉదయమునుండి సాయంకాలమువరకు పడిన శ్రమయంతయు ఆ రాత్రికి తాకట్టు పడును. ఇంకొక చిక్కు కలదు. తప్పు జరిగిన దినమున తెలియదు. వారములు గడచి సీసా మూత తీసినపుడు పులుపుగా నాలుకకు తెలియును. అప్పుడు చేయదగినదేమియు లేదు, పారబోయుట తప్ప.

పూర్వులు పడిన పాట్లు

ఈ చిక్కు గృహస్థులకంటె ముందు పెద్ద కర్మాగారములను బాధించినది. ఐరోపాలో శతాబ్దములపాటు మరగిన యవరసమును కప్పుక్రింద విశాలమైన, లోతు లేని తొట్టెలలో పోసి, కిటికీలు తెరచి, రాత్రి చలిగాలికి చల్లార్చెడివారు. లోతు తగ్గించి వైశాల్యము పెంచినచో వేడి త్వరగా పోవునని వారికి అనుభవమువలన తెలియును. వేడి కాఫీని పళ్లెములో పోసికొని త్రాగు వృద్ధునకును ఈ రహస్యము తెలియును. కాని వేసవిలో రాత్రి గాలియు వెచ్చనిదే. అందు సూక్ష్మజీవులును మెండు. బవేరియా పాలకులు 1553లో ఏప్రిలు 23 మొదలు సెప్టెంబరు 29 వరకు బీరు కాచరాదని శాసించిరి. సూక్ష్మజీవియను మాట పుట్టకమునుపే వేసవి బీరు చెడునని ప్రభుత్వమునకు తెలిసినదన్నమాట.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున బోదెలో అను ఫ్రెంచివాడు వేరొక ఉపాయము పన్నెను. అడ్డముగా ఒకదానిపై నొకటి పేర్చిన గొట్టములలో చన్నీరు ప్రవహింపజేసి, వాటి వెలుపలి వైపున వేడి రసమును పలుచని తెరవలె జారవిడిచెను. గాలి చేయలేని పనిని నీరు చేసినది. అటుపిమ్మట లూయీ పాశ్చరు 1876లో బీరునుగురించి ఒక ఉద్గ్రంథము ప్రకటించెను. బీరు చెడుట విధివశము కాదనియు, గాలివెంటను, మురికివెంటను వచ్చు పరాయి జీవుల పనియనియు అతడు సూక్ష్మదర్శినితో నిరూపించెను. కాచిన రసమును మలిన వాయువు సోకనీయక చల్లార్చవలెనని చెప్పెను. అదే దశాబ్దమున జర్మనీలోని మ్యూనికు నగరమున కార్ల్ లిండే అను ఇంజనీరు, బీరు తయారుచేయువారి ప్రోత్సాహముతో, శీతలీకరణ యంత్రమును రూపొందించెను. నేడు మన యింట నున్న రెఫ్రిజిరేటరునకు పూర్వికులలో బీరు కర్మాగారములోని ఆ యంత్రము ఒకటి.

గృహస్థునకు ఇవియేవియు అందుబాటులో లేవు. కొంతకాలము చట్టమును అతనికి అనుకూలము కాదు. అమెరికాలో మద్యనిషేధము 1933లో తొలగినపుడు ఇంట ద్రాక్షసారాయము చేసికొనుటకు అనుమతి లభించెను గాని బీరునకు లభింపలేదు. ఇంగ్లండులో 1963లో లైసెన్సు అక్కర తొలగెను. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టరు సంతకము చేసిన చట్టముతో ఆ అడ్డంకి తొలగి, మరుసటి సంవత్సరమునుండి అది అమలులోనికి వచ్చెను.

ఉపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి యిచ్చట కలదు. ఆ దేశమున ఈ విద్యను ఇంటింటికి చేర్చినవారిలో అగ్రగణ్యుడు చార్లీ పపాజియన్ ఒక బడిపంతులు. అణు ఇంజనీరింగు చదివి, కొలరాడో రాష్ట్రములోని బౌల్డరు పట్టణమున చిన్నపిల్లలకు పాఠములు చెప్పుచు, తీరిక వేళలలో పెద్దలకు బీరు కాచుట నేర్పెను. 1978లో ఇంట బీరు కాచువారికొక సంఘమును స్థాపించుటలో పాల్గొనెను. 1984లో అతని గ్రంథము వెలువడెను. ఆ పిమ్మట పెరటిలో రాగి చుట్టలు చుట్టు గృహస్థుల సంఖ్య పెరిగినది.

చుట్ట చుట్టు విధము

కావలసినవి కొద్దివి. మూడెనిమిదవ వంతు అంగుళము లావు గల మెత్తని రాగి గొట్టము 25 అడుగులో, త్వరగా పని కావలెనన్నచో 50 అడుగులో. రెండు పలుచని ప్లాస్టిక్ గొట్టములు. వాటిని బిగించుటకు మరతో బిగియు క్లిప్పులు. కొళాయికి తగిలించు ముక్క ఒకటి. గట్టి రాగి గొట్టము పనికిరాదు; కాల్చి మెత్తబరచిన రకమే చేతితో వంగును.

మొదట వంటపాత్రకంటె రెండుమూడంగుళములు సన్నని గుండ్రని డబ్బా నొకదానిని తీసికొని, దానిచుట్టు గొట్టమును పొరపొరగా చుట్టవలెను. ఈ పనిలో తొందర కూడదు. బొటనవ్రేళ్లతో కొంచెము కొంచెముగా ఒత్తుచు, డబ్బాను త్రిప్పుచు పోవలెను. గొట్టమును ఒక్కసారి లాగినచో నొక్కు పడును. నొక్కు పడినచోట నీటిదారి ఇరుకై, ఆ చుట్ట పని యెల్ల మందగించును. పైకి తిరుగు మలుపులయొద్ద నొక్కు పడకుండుటకు గొట్టమునిండ సన్నని ఉప్పుగాని ఇసుకగాని దట్టించి వంచుదురు, పిమ్మట కడిగివేయుదురు. మన కంసాలి కడియము చేయునపుడు బోలు గొట్టములో లక్క నింపి వంచుటయు ఈ సూత్రమునే అనుసరించి యున్నది.

చుట్టయొక్క రెండు కొసలును పాత్ర అంచుపైకి లేచి, వెలుపలికి వంగి యుండవలెను. ప్లాస్టిక్ గొట్టములు తగిలించు అతుకులు పాత్రకు వెలుపలనే యుండవలెను. ఇది మరువరాని నియమము. అతుకు లోపలనున్నచో, అందుండి కారు ఒక్కొక్క బొట్టు కొళాయినీరును యవరసములో కలియును. ఏ అపాయమును తప్పించుటకు ఈ శ్రమ పడుచున్నారో ఆ అపాయమునే చేతులార తెచ్చిపెట్టుకొన్నట్లగును. మాటు వేయక తప్పనిచో సీసము లేని మాటే వేయవలెను. చుట్టల నడుమ కొంచెము ఎడముండునట్లు సన్నని రాగి తీగెతో అల్లి బిగింతురు; రసము ప్రతి చుట్టనడుమను పారుటకు ఇది అవసరము.

చేసిన పిమ్మట దానిని ఖాళీగానే కొళాయికి తగిలించి, నీటిని పూర్తి వడితో వదలి, ఎక్కడైనను చెమ్మ కనబడునేమో పరీక్షింపవలెను. కొత్త గొట్టమునకంటిన నూనెను సబ్బుతో కడిగి, వెనిగర్‌తో తోమినచో రాగి తళతళలాడును. మన స్త్రీలు చింతపండుతో రాగిబిందెను తోముటకును, దీనికిని భేదము లేదు. రెంటను పులుపే చిలుమును కరగించును.

మరుగు చాలించుటకు పదునైదు నిమిషములు ముందుగా చుట్టను మరగుచున్న రసములోనే దింపుదురు. ఆ వేడికి దానిపైనున్న జీవులు నశించును. పొయ్యి ఆర్పి కొళాయి త్రిప్పగానే రెండవ కొసనుండి పొగలు గ్రక్కుచు నీరు వచ్చును. ఆ నీరు చేయి కాల్చునంతటిది. గొట్టపు కొసను ఎక్కడ వదలవలెనో ముందుగానే చూచుకొనని వాడు పాదములు కాల్చుకొనును. అంతవరకు నిప్పు చేతిలోనున్న వేడి ఆ నీటివెంట నడచి వెలుపలికి పోవుచున్నదని కంటికి కనబడు క్షణ మది.

వేడి ఎచ్చటికి పోవును?

వేడి నశింపదు, చేతులు మారును. ఈ సత్యమును లెక్కగట్టి చూపినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. ఇతడు 1818లో మాంచెస్టరు ప్రక్కనున్న సాల్ఫర్డులో జన్మించెను. తండ్రి బీరు కర్మాగారము నడపువాడు; కొడుకును ఆ వ్యాపారము చూచుకొనుచునే ప్రయోగములు చేసెను. నీటిని రెక్కలతో చిలికినపుడు పుట్టు వేడిమిని కొలుచుటకు అతడు డిగ్రీ ఫారన్‌హీటులో రెండువందలవ వంతును పోల్చగలనని చెప్పెను. నాటి పండితులు కొందరు నమ్మలేకపోయిరి. దినదినము ఉష్ణమాపకముతో మెలగు బీరు వృత్తివారి నేర్పు అతనికి తోడ్పడియుండుననుట అసంభవము కాదు. నేడు ప్రతి విద్యార్థియు వేడిమిని కొలుచుటకు వాడు ప్రమాణము అతని పేరిటనే యున్నది.

ఆ ప్రమాణముతోనే మన పాత్రను కొలుతము. 19 లీటర్ల రసమును నూరునుండి ఇరువది డిగ్రీలకు దింపవలెనన్నచో, దానిని నీరుగనే భావించి లెక్కించినను, తీసివేయవలసిన వేడి సుమారు 6,400 కిలోజౌళ్లు. ఒక టన్ను బరువును 650 మీటర్ల ఎత్తునకు చేర్చుటకు పట్టు శక్తితో ఇది సమానము. తిరుపతినుండి తిరుమల ఎక్కువారికి ఆ యెత్తు ఎంతటిదో చెప్పనక్కరలేదు, రమారమి అంతే. వంటయింటిలోని ఒక్క పాత్రలో అంతటి శక్తి మౌనముగా నిలిచియుండునని ఎవరు తలతురు!

దీనిని మోసికొనిపోవునది కొళాయినీరు. 15 డిగ్రీలతో లోనికి పోయిన నీరు సగటున 40 డిగ్రీలతో వెలువడినదనుకొన్నచో, ఒక్కొక్క లీటరు 105 కిలోజౌళ్లు మోయును. అనగా 60 లీటర్లకు పైగా నీరు కావలెను. తగిన నీటివడి యున్నచో అరగంటలో ఈ పని ముగియవచ్చును.

ఇచ్చట చుట్ట చుట్టినవాడు ఒక వింత చూచును. మొదటి అయిదు నిమిషములలో ఉష్ణమాపకములోని రేఖ జారిపడినట్లు దిగును. తుది పది డిగ్రీలు దిగుటకు ఓర్పు నశించునంత కాలము పట్టును. పరికరము చెడినదని క్రొత్తవాడు కలతపడును. చెడినదేమియు లేదు. వేడి వస్తువు చల్లారు వడి, దానికిని పరిసరములకును గల భేదమునుబట్టి యుండునని న్యూటను 1701లో, తన పేరు చెప్పకయే ప్రకటించిన వ్యాసమున తెలిపెను. రసము నూరు, నీరు పదునైదు అయినపుడు భేదము 85. రసము 25కు దిగినపుడు భేదము 10 మాత్రమే. భేదము తగ్గినకొలది ఇచ్చువాడును పుచ్చుకొనువాడును సమానులగుదురు, ఇచ్చిపుచ్చుకొనుట మందగించును.

ఇందుండియే మరియొక కఠిన సత్యము తేలుచున్నది. చుట్ట ఎంత పొడవైనను, రసము లోపల పారు నీటికంటె చల్లబడదు. చలిదేశములో ఇది చిక్కు కాదు. మన మే నెలలో మిద్దెపై తొట్టినుండి దిగు నీరు ముట్టుకొన్నవారికి, ఆ నీటితో ఏదియు చల్లారదని తెలియును. అమెరికాలో దక్షిణ రాష్ట్రములవారిదియు ఇదే బాధ. వారు రెండవ చుట్ట నొకదానిని మంచునీటి బక్కెట్టులో ముంచి, కొళాయినీటిని దానిగుండ పంపి, చల్లబడిన నీటిని అసలు చుట్టలోనికి వదలుదురు. మంచును మొదటినుండియు వాడుట అవివేకము. మంచుతోనే అంతయు చల్లార్చవలెనన్నచో 15 కిలోలు కావలెను. 30 డిగ్రీలవరకు కొళాయినీటికి వదలి, తుది పది డిగ్రీలకు మాత్రమే మంచు వాడినచో, నష్టములు లేవనుకొన్న లెక్కలో, రెండు కిలోలు చాలును. మంచు కరగునపుడు వేడిమి పెరగకయే వేడిని మ్రింగునని పదునెనిమిదవ శతాబ్దిలో జోసెఫ్ బ్లాక్ కనుగొన్న గుప్తోష్ణమే యింతటి పొదుపునకు మూలము.

రాగియే యెందులకు అను ప్రశ్నకు సమాధానము సులభము. రాగి ఉష్ణవాహకత తుప్పుపట్టని ఉక్కుకంటె సుమారు ఇరువదియైదు రెట్లు. కాని ఉక్కు చుట్టతో చల్లార్చినవారు కాలము ఇరువదియైదు రెట్లు పట్టలేదని చూచిరి. కారణమేమన, గొట్టపు గోడ పలుచనిది. అసలు అడ్డంకి గోడ కాదు, గోడనంటి కదలక నిలిచియుండు రసపు పొర. ఆ పొర చల్లబడి, వెనుకనున్న వేడిరసమును ముందునకు రానీయదు. దానిని చెదరగొట్టుటకు చుట్టను మెల్లగా అటునిటు కదపుటయే ఉపాయము. లోహము మార్చుటకంటె చేయి కదపుట మేలు. పాలగిన్నెలో గరిటె త్రిప్పు ఇల్లాలు చేయుచున్నదియు ఈ పనియే.

మూడు దారులు

ఇంతయు చెప్పినపిమ్మట, త్వరగా చల్లార్చుటయే సర్వమని తలచుట పొరపాటగును. ఒక పాత్ర బీరునకు 60 లీటర్ల నీరు మోరీపాలు చేయుట అన్యాయమని తలచినవారు లేకపోలేదు. తొలి వేడినీటిని బట్టలుతుకుటకు, పాత్రలు తోముటకు పట్టి యుంచుదురు; చల్లని నీటిని చెట్లకు పోయుదురు. నీటి కరవు నెరిగిన ఆస్ట్రేలియాలో కొందరు చుట్టనే విడిచిపెట్టిరి. వారు మరగిన రసమును వేడిగా నుండగానే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నిండుగా పోసి, గాలి లేకుండ మూత బిగింతురు. ఆ వేడియే డబ్బాలోని జీవులను చంపును. మరునాటికి అది తనంతట తానే చల్లారును. హాప్స్ చేదు కొంత పెరుగును, రసము అంత తేట కాకపోవచ్చును, కాని చెడిపోదు. అనగా శత్రువు నిదానము కాదు, తెరచిన తలుపు.

బెల్జియములో మూడవ దారి కలదు. బ్రస్సెల్సు పరిసరములలో లాంబిక్ అను బీరు కాచువారు నేటికిని మరగిన రసమును విశాలమైన తొట్టెలో పోసి, చలి నెలలలో రాత్రియెల్ల గాలికి వదలుదురు. గాలిలోని ఈస్టులు, సూక్ష్మజీవులు వచ్చి పడవలెననియే వారి కోరిక. ఆ పులుపే దాని ఘనత. కాని అది పరిపక్వమగుటకు ఏండ్లు పట్టును. మన తాటిచెట్టునకు కట్టిన ముంతలో కల్లు పులియుటయు ఇట్టిదే. నిప్పు లేదు, చల్లార్చుట లేదు. తెల్లవారుసరికి గాలిలోనివి, ముంతలోనివి తమ పని ప్రారంభించి యుండును.

ఒకడు తలుపు త్వరగా మూయును. ఒకడు తలుపే లేని యిల్లు కట్టును. ఒకడు తలుపు తెరచి అతిథులకై వేచియుండును. ముగ్గురకును తెలిసినది ఒక్కటే: కాచినదానికిని జీవము పోసినదానికిని నడుమనున్న వేళను ఎవరో యొకరు కనిపెట్టి యుండవలెను. ఎవరును కనిపెట్టనిచో, అది పాడైన పాత్రయే.

బడిలోనికి ఈ చుట్ట

మన తెలుగు రాష్ట్రములలో అనుమతి లేక ఇంట మద్యము తయారుచేయుట ఎక్సైజు చట్టముల ననుసరించి నేరము. కాని రాగి చుట్టకు బీరుతో నిమిత్తము లేదు, వేడినీరు చాలును. మూడు మీటర్ల మెత్తని రాగి గొట్టము, రెండు బక్కెట్లు, ఒక గిన్నె, ఉష్ణమాపకము, గడియారము ఉన్నచో ఏ ఉన్నత పాఠశాలలోనైనను ఈ పరికరమును నిలుపవచ్చును. చన్నీటి బక్కెట్టును ఎత్తుపీటపై నుంచి, నీరు తనంతట తానే చుట్టగుండ దిగి క్రింది బక్కెట్టులోనికి పోవునట్లు చేయవలెను. గిన్నెలో 60 డిగ్రీల నీరు అయిదు లీటర్లు చాలును. మరగు నీరు పిల్లల దరికి రానక్కరలేదు. గిన్నెను దింపుట, నింపుట ఉపాధ్యాయుని పని.

నిమిష నిమిషమునకు వేడిమిని వ్రాసికొని గీత గీచినచో, మొదట నిటారుగా దిగి పిమ్మట వాలిపోవు న్యూటను రేఖ పిల్లల చేతిక్రిందనే పుట్టును. ఒకసారి కదపక, ఒకసారి కదిపి రెండు గీతలు గీచినచో, నిలిచియున్న పలుచని పొర చేయు అడ్డు కంటికి కనబడును. క్రింది బక్కెట్టులోని నీటిని కొలిచి, అది పుచ్చుకొన్న వేడిని లెక్కించి, గిన్నె కోల్పోయిన వేడితో సరిచూచినచో, రెండును పూర్తిగా సరిపోవు. ఆ తేడా యెక్కడికి పోయినదని పిల్లలడుగుదురు. గిన్నె గోడలగుండ గదిలోని గాలికి పోయినది ఎంత, ఆవిరియై లేచినది ఎంత అని వారే వెదకుదురు. ఆ ప్రశ్న పుట్టిన దినమున పాఠము పూర్తియైనట్లే. సమాధానము మరునాడు వచ్చినను కొదువ లేదు.

ఆ సాయంకాలము ఇంటికి పోయిన విద్యార్థి, వంటయింటిలో తల్లి పాలగిన్నెను నీళ్ల పళ్లెములో నుంచి గరిటెతో త్రిప్పుచుండుట చూచును. ప్రతిదినము చూచినదే. కాని పళ్లెములోని నీటిని వ్రేలితో ముట్టి చూచి, అది వెచ్చబడినదని, పాలనుండి పోయిన వేడి యిందులోనే యున్నదని ఆ దినమున తెలిసికొనును. "అమ్మా, ఈ నీళ్లు మార్చనా? పాలు ఇంకా త్వరగా చల్లారును" అని అడుగును. తల్లి గరిటె తీసి, వ్రేలు ముంచి చూచి, తోడుగిన్నెకై చేయి చాచును.